గూటానికీ పడవకూ నడుమ

జనగామ రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నం. పప్పు పొయ్యి మీద, మేము తారు మీద, ఎండ మా అందరి మీద. తెలంగాణ కోసం సమ్మె మొదలై ఎన్ని రోజులైందో నాకు యాది లేదు గాని, మా ఇంట్లో చాయపత్త అయిపోయిన తీరు చూస్తే నూరేండ్లు దాటినట్టే ఉంది. బస్సులు డిపోలో పండుకున్నయి. బడులకు తాళాలు పడ్డయి. అందులో ఒక బడి తాళంచెవి నా కొంగుకే ఉంది, ఎందుకంటే నేను టీచర్ను.

మధ్యాహ్నం గాలి లేచింది. మామూలు గాలి కాదు, షామియానాను ఎత్తుకపోయి వరంగల్‌లో దించుదామని కంకణం కట్టుకొని వచ్చిన గాలి. నలుగురు కాలేజీ పోరగాళ్ళు నాలుగు మూలల తాళ్ళు పట్టుకొని వేలాడుతున్నరు. ఒకని చెప్పులు నేల మీదనే ఉన్నయి గాని ఆయన లేడు. నేను గరిటె పక్కకు పెట్టి, ఒక తాడు అందుకొని, కరెంటు స్తంభానికి రెండు చుట్లు చుట్టి, మడత దోపి గుంజిన. షామియానా ఆగింది. గాలి అలిగి బచ్చన్నపేట దిక్కు పోయింది.

"గిదేం ముడి మేడం? మళ్ళ ఊడదీసుడెట్ల?" అన్నడు చెప్పుల్లేని పిలగాడు.

"తోక పట్టి గుంజు."

గుంజిండు. ఒక్క గుంజుకే ఊడింది. షామియానా వచ్చి ఆయన మీద పడ్డది.

"ఎవరు నేర్పిండ్రు మేడం?" అని గుడ్డ కింది నుంచి అడిగిండు.

మళ్ళ కట్టి, పప్పు మాడుతుందని చెప్పి తప్పించుకున్న. పప్పు మాడుతలేదు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ముందు ఒక పడవ సంగతి చెప్పాలె. అది నేను ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ మొదటి లడాయి అప్పుడు నాకు పదేండ్లు. అప్పుడు కూడా గిట్లనే బస్సులు ఆగినయి, బడులు మూతపడ్డయి. పెద్దోళ్ళు రాష్ట్రం కావాలంటున్నరు. మా అసొంటి పిల్లలకు బడి లేకపోవుడు ఒక్కటే కావాలె, అది రాష్ట్రం కంటే ముందే వచ్చింది. ఆ లడాయికి నేను రుణపడి ఉన్న మొదటి సంగతి అది.

మాది బచ్చన్నపేట దాపున ఒక పల్లె. మా చెరువు మూడేండ్లకొకసారి నిండేది, నిండిన ఏట కప్పలు ఈత మరిచిపోయి గట్టు మీద నిలబడి చూసేవి. అసొంటి ఊర్లో మా తెలుగు వాచకంలో ఓడ మీద ఒక పాఠం ఉండె. 'నావికులు రేవు చేరి లంగరు దించిరి' అని. మా సారు ఓడను చూడలేదు, సముద్రాన్ని చూడలేదు, నిండిన చెరువును చూసి కూడా శాన రోజులైంది. అయినా వెనుకకు తగ్గే మనిషి కాదు.

"లంగరంటే ఏంది సార్?" అని నేనే అడిగిన.

సారు కిటికీ బయట కట్టేసి ఉన్న బర్రెను చూపించిండు. "అగో, బర్రెకు తలుగు ఎట్లనో ఓడకు లంగరు గట్ల. ఏడికీ పోకుంట కట్టేసెటందుకు. రాస్కో."

రాస్కున్న. బడిలో నేను మనసుపెట్టి నేర్చుకున్న పాఠం అదొక్కటే. దేవుడు చూడండి, మిగతా పాఠాలన్నీ మరిపించి అదొక్కటే గుర్తుంచిండు.

మా దిక్కు బర్రెకు తలుగు పొట్టిగ కట్టుడే ధర్మం. ఒకసారి మా బర్రె తలుగు జానెడు పొడుగైతే పక్కోళ్ళ జొన్నచేన్ల పడ్డది. బర్రె మేసింది నాలుగు కంకులు, ఆ ఇంటి అవ్వ తిట్టింది నాలుగు నెలలు. ఆ తిట్లకు మా ఇంటి పెంకులు ఊడినయంటే మీరు నమ్మాలె. అప్పటినుంచి బర్రెను కట్టేసుడు నా పని. ముక్కు గూటానికి తాకేటట్టు కట్టేదాన్ని. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. పొద్దున మా అమ్మ ఆ ముళ్ళు ఇప్పుకుంటనే సగం ముసలిదైంది.

బడి మూతపడ్డ పదిహేనో రోజుకు నేను వాడకట్టు మేకలన్నిటినీ తోలుకొని, 'జై తెలంగాణ' అనుకుంట ఊరంతా ఊరేగింపు తీసిన. మేకలు నినాదం అందుకోలేదు గాని మా ఊరి పటేలు పెరడు అందుకున్నయి. ఆ సాయంత్రమే మా బాపు తీర్మానం చేసిండు: "దీన్ని అమ్మగారింటికి తోలుండ్రి. గోదారే దీనికి సరైన కంచె."

మా అమ్మ పుట్టిల్లు మహదేవపూర్ దిక్కు, గోదారి ఒడ్డు మీద. నీళ్ళ మధ్య పుట్టిన పిల్లను బిందె పట్టుకొని క్రోసెడు నడిచే ఊరికి ఇచ్చిండ్రని మా అమ్మ ఏడాదికి మూడువందల అరవై రోజులు అనేది, మిగతా అయిదు రోజులు మౌనంగ అనేది. బస్సుల్లేవు గనుక రెండు లారీలు, ఒక ట్రాక్టరు, ఎన్నో ఎడ్లబండ్లు మారి పోయినం. పోయేముందు బాపు నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టి, "రోజుకు పది కొత్త మాటలు రాయి. బడి లేదని మెదడు తుప్పు పట్టొద్దు" అన్నడు.

గోదారిని చూసి నేను అడిగిన మొదటి మాట ఇప్పటికీ మా అమ్మగారింట్లో చెప్పుకుంటరు: "తాతా, గిన్ని నీళ్ళు ఎవరు ఒలకబోసిండ్రు?"

తాత నవ్వలేదు. "ఎవరో పైనోళ్ళు. తుడిసెటందుకు నన్ను పెట్టిండ్రు" అన్నడు.

తాత ఆ రేవులో పడవ నడిపేటోడు. పడవ ఊరిది, ఊరంతా కట్టె ఇచ్చి చేయించింది. నడిపే హక్కు మాత్రం నలభై ఏండ్ల నుంచి తాతదే. అవతలి ఒడ్డుకు పెండ్లిండ్లకు, అంగడికి, దవాఖానకు పోవాలంటే ఆయన గడ ఎత్తాలె. బస్సులు ఆగినంక ఆ రేవే బస్టాండైంది. నలభై ఏండ్లలో ఆయన కట్టేసిన పడవ ఒక్కసారి కూడా కొట్టుకపోలేదని ఊరు చెప్పుకునేది. తాత చెప్పుకునేటోడు కాదు. ఆ మాట ఎవరన్న అన్నప్పుడు మీసం ఒక పక్కకు కొద్దిగ లేచేది, అంతే. ఆయనకు భూమి లేదు, ఎడ్లు లేవు. ఉన్న ఆస్తంతా ఆ మీసం కొస లేచినంత.

ఇల్లంతా గుగ్గిలం వాసన. పడవ సందులకు పూసేటందుకు నూనెలో గుగ్గిలం కాచేటోళ్ళు. దానికి తోడు ఎండుచేపలు, ఎండిన ఇప్పపువ్వు, తడి జనుము మోకులు. పదిరోజుల్లో నేను కూడా అదే వాసన కొట్టిన. అవ్వ చేసిన చేపల పులుసూ జొన్నగట్క తింటే ఆకలి తీరకపోగా పెరిగేది. ఒక పూట ఎన్ని ముద్దలు తిన్ననో చెప్తే మీరు ఈ కాగితం కింద పెడుతరు.

ఆ ఇంట్లో ఒకే ఒక్క జగడం ఉండె, దాని వయసు ముప్పై ఏండ్లు. పెరట్లో ఇసుర్రాయి కింది రాయి ఒక్కటే ఉండేది, పై రాయి లేదు. ఎప్పుడో ఒక వానకాలం పడవకున్న లంగరు తెగి గోదాట్ల మునిగితే, తాత ఉరికొచ్చి, అవ్వ జొన్నలు ఇసురుతుండంగనే పై రాయి ఎత్తుకపోయిండట. నడుమ బొక్క ఉంటది కద, దాంట్ల మోకు దూర్చి లంగరు చేసుకున్నడు. అప్పటినుంచి అవ్వ పక్కింటికి పోయి ఇసురుకుంటున్నది.

"మగోళ్ళు తాళికట్టి తీస్కపోతరు. ఈయన నా ఇసుర్రాయికి మోకు కట్టి తీస్కపోయిండు" అనేది అవ్వ.

"తిరిగిస్తనంటి గద" అనేటోడు తాత.

"ఎప్పుడు?"

"గోదారి ఎండినప్పుడు."

మా వాచకంలో బొమ్మ ఉన్న ఇనుప కొక్కేల లంగరు కోసం పడవంతా వెతికి, చివరికి నాకు కనబడింది ఈ ఇసుర్రాయి. నేనేం చిన్నబోలేదు. సముద్రమోళ్ళకు ఇసుర్రాళ్ళు లేవు కావచ్చు, అందుకే ఇనుము వాడుతున్నరు అనుకున్న.

నోటుబుక్కు నిండబట్టింది. లంగరు. మోకు. గూటం: ఒడ్డున దిగగొట్టిన కట్టె, పడవను కట్టేది. గడ. తెడ్డు. లంగరు 'ఇడుసుడు' అనాలె, 'పారేసుడు' అనొద్దు, పారేస్తే గోదారికి కోపమొస్తది. లంగరు 'పట్టింది' అంటే కింద ఇసుక దాన్ని పట్టుకున్నదని. 'ఈడ్సుకపోతుంది' అంటే పట్టలేదని. తాతకు చదువు రాదు. నేను రాసుకుంటుంటే వంగి చూసి, "మాటలు గిన్ని రాస్తున్నవ్, గోదారికి సదువొస్తదా బిడ్డా?" అనేటోడు.

అన్నీ రాసిన. ఒక్కటి రాయలేదు. తాత సాయంత్రం మోకు గూటానికి చుట్టినంక, కాలితో పడవను ఒక్క తోపు తోసేటోడు. పడవ కొంత దూరం పోయి, ఎవరో పిలిచినట్టు ఆగేది. గూటానికీ పడవకూ నడుమ మోకు నీళ్ళ మీద ఇంత పొడుగు సోమరిగ పడి ఉండేది. ఆ ఇడిసిన జాగకు ఆయన పేరు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనకది మాట కాదు, కాలు చేసే పని. మాట లేనిది నా నోటుబుక్కులోకి రాలేదు.

ఊర్లో పెద్దోళ్ళు రేడియో చుట్టూ కూచొని లడాయి ముచ్చట్లు వినేటోళ్ళు. నేను వాడకట్టు పిల్లల్ని కూడగట్టి చెప్పిన: "బస్సులు బంద్ అయినయి, బడులు బంద్ అయినయి. గోదారి ఒక్కటి నడుస్తనే ఉన్నది. సిగ్గు లేదా మనకు?" పన్నెండు మందిమి పడవ ఎక్కి, నడిమిట్లకు పోయినంక లేచి నిలబడి 'పడవ బంద్' అన్నం. పడవలో ఒక బుట్ట కోళ్ళు, ఒక కోళ్ళాయన, పుట్టింటి నుంచి అత్తింటికి పోయే ఒక కోడలు ఉన్నరు.

తాత గడ ఆపి నన్ను చూసిండు. "నన్ను ఆపితే రాష్ట్రం వస్తదా?"

"వస్తది."

"సరే." ఇసుర్రాయి ఎత్తి మెల్లగ నీళ్ళలోకి ఇడిసిండు. మోకు సర్రున దిగి, వణికి, ఆగింది. తాత వేలు మోకు మీద పెట్టి, "పట్టింది" అన్నడు. చుట్ట ముట్టించిండు. "ఒక్క చుట్ట బంద్. దాని మీద ఒక్క దమ్ము గూడ ఎక్కువియ్య."

కోళ్ళాయన లబోదిబోమన్నడు. ఆ కోడలు మాత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని, "జర పెద్ద చుట్ట ముట్టియ్యి మామా, నాకేం తొందర లేదు" అన్నది. తెలంగాణ చరిత్రలో నది మీద జరిగిన బంద్ అదొక్కటేనని నా గట్టి నమ్మకం. ఎవరూ రాయకపోతే అది వాళ్ళ తప్పు.

వానకాలం జొరబడ్డది. ఒకరోజు తాతకు చలిజ్వరం వచ్చింది. అయినా పొద్దంతా జనాన్ని దాటించి, సాయంత్రానికి ఒడ్డు మీద గొంగడి కప్పుకొని కూలబడ్డడు. పండ్లు కొట్టుకుంటున్నయి.

"బిడ్డా, ఇయ్యాల నువ్వు ఏసి రా మోకు. గట్టిగ కట్టు" అన్నడు.

నాకు రెక్కలొచ్చినయి. రేవుకు దూకి, మోకు గుంజి, మా బర్రెను కట్టినట్టే కట్టిన. పడవ ముక్కు గూటాన్ని ముద్దుపెట్టుకునేటట్టు. ముడి మీద ముడి, మొత్తం ఎనిమిది. లేనిపోని జాగ ఇడిస్తే పడవ పోయి ఎవరి చేన్ల పడుతదో, ఏ అవ్వ నాలుగు నెలలు తిడుతదో. కట్టి, నాలుగడుగులు వెనుకకు పోయి చూసుకొని మురిసిన. నా సారును తలుచుకున్న.

"కట్టినవా?"

"కట్టిన తాతా. జానెడు గూడ కదలదు."

జ్వరంలో ఆ మాట ఆయన చెవికి సరిగ చేరలేదు. చేరి ఉంటే లేచి వచ్చేటోడు.

మా మీద ఒక్క చినుకు పడలేదు. ఎక్కడో పైన కురిసింది. తెల్లారేసరికి గోదారి ఒడ్డెక్కి వచ్చింది. నీళ్ళు లేస్తే పడవ లేవాలె. లేవనీయకుంట దాని ముక్కును నేను కిందనే కట్టేసిన. ముక్కు మునిగి, నీళ్ళు నిండి, పడవ గూటం పక్కనే కూలబడి ఉన్నది. మట్టినీళ్ళ మీద వెనుక చెక్క ఒక్కటి మూరెడు కనబడుతున్నది. జానెడు గూడ కదలలేదు, నేను చెప్పినట్టే.

ఊరంతా ఒడ్డున నిలబడ్డది. అందరికంటె ముందు ఆ ఊరి పటేలు. "గూటం తోటి సహా పైకి గుంజుండ్రి. ముడి ఏడ తప్పిందో చూద్దాం. ఎవరు కట్టిండ్రో తెలువాలె" అన్నడు.

నేను అవ్వ వెనుక ఉన్న. నా నోరు ఆ ఊరికి తెలిసిన నోరు, రేడియో చెడిపోతే నన్ను కూచోబెడుదామనేటోళ్ళు. ఆ పొద్దున అందులోంచి గాలి కూడా రాలేదు.

తాత గొంగడి తీసి అవ్వకిచ్చి నీళ్ళలో దిగిండు. నడుముదాక, ఛాతీదాక. వంగి, చెయ్యి నీళ్ళలో ముంచి గూటాన్ని తడిమిండు. ఆయన చెయ్యి ఒక ముడి దగ్గర ఆగింది. రెండో ముడి. మూడోది. ఎనిమిదీ చదివినట్టున్నడు. తల ఎత్తి ఒడ్డు మీద నన్ను ఒక్కసారి చూసిండు. తర్వాత మొలలోంచి కత్తి తీసి, నలభై ఏండ్లలో ఒక్కసారి కూడా మోకు కొయ్యని మనిషి, రెండు పక్కలా కోసిండు. ఆ ముళ్ళ ఉండను ధోతి మడతలో దోపుకొని ఒడ్డెక్కిండు.

"ఎందుకు కోసినవ్? ఎవరు కట్టిండ్రు?" అన్నడు పటేలు.

"నేనే. జరం మీదుంటి. పొట్టిగ వడ్డది."

కోళ్ళాయన కూడా తల దించుకున్నడు. మూడోరోజు నీళ్ళు తగ్గినంక ఎడ్లను కట్టి పడవను గుంజిండ్రు, అడుగు చెక్క పగిలి ఉన్నది.

"నలభై ఏండ్ల చెయ్యి గిట్ల తప్పితే గిప్పుడు జనాన్ని ఎట్ల ఎక్కియ్యాలె?" అన్నడు పటేలు. కోపంగ కాదు, బాధగనే అన్నడు. పడవ బాగైనంక నడిపే హక్కు కింది వాడకట్టులో ఒక వయసు పిలగానికి ఇచ్చిండ్రు. తాత తన చేతులతో గడ తీసి ఆయన చేతిలో పెట్టి, "ఎడమ దిక్కు ఇసుక మెట్ట ఉన్నది, పైలం" అన్నడు.

గడ ఇచ్చిన రోజు ఇంటికొచ్చి అవ్వ పొయ్యి ముట్టించుకుంట, ఎవరి ముఖం చూడకుంట అన్నది: "అప్పుడు నా ఇసుర్రాయిని గోదాట్ల ఏసిండు. ఇప్పుడు పేరు గూడ ఏసిండు." అంటే అవ్వకు తెలుసు. నా కంచంలో మాత్రం పెద్ద చేపముక్క పెట్టింది.

మధ్యాహ్నం తాత నన్ను రేవుకు పిలిచి, ధోతి మడతలోంచి ముళ్ళ ఉండ తీసి నా ఒళ్ళో పెట్టిండు. "ఇప్పు."

తడిసి బిగిసిన జనుము, ఇనుపగుండు లెక్క ఉన్నది. గోర్లు ఊడినయి, పండ్లు కదిలినయి, పొద్దు గుంకవచ్చింది. ఎనిమిదో ముడి ఇప్పినంక ఏడ్చుకుంట అడిగిన, "నేను కట్టిన్నని ఎందుకు చెప్పలే తాతా?"

"చెప్తే ఏమైతుండె?"

"నన్ను తిడుతుండిరి. నీ పడవ నీకే ఉంటుండె."

"తిట్లు పడి నువ్వు మళ్ళ ఎన్నడూ మోకు ముట్టకపోతుంటివి. నేను ముట్టకున్న ఏం కాదు, నలభై ఏండ్లు ముట్టిన." మోకు ముక్క అందుకున్నడు. "ఇటు సూడు. రెండు చుట్లు. ఒక మడత. తోక బయట ఉండాలె, ఆపదొస్తే ఒక్క గుంజుకే ఊడాలె. ఊడని ముడి ముడి కాదు బిడ్డా, ఉరి. ఇగ జాగ ఇడువు. నీళ్ళు లేస్తే లేవనియ్యాలె, దిగితే దిగనియ్యాలె. బర్రె పోతే తోలుకొస్తం. నీళ్ళతోని గట్ల నడువది."

ఆ రోజు వంద సార్లు కట్టించిండు. నేను వెయ్యి అని చెప్తుంట గాని, వందే.

ఇసుర్రాయి ఇంటికొచ్చింది. గోదారి ఎండకముందే. నలభై ఏండ్ల పేరు చేతిలోంచి జారిన ఆ వారంలనే, ముప్పై ఏండ్ల మాట తాత నిలబెట్టుకున్నడు. రాయి నున్నగ అరిగిపోతే ఉలితో గాట్లు కొట్టించి అవ్వ ముందు పెట్టిండు. పడవ లేదు గనుక ఆయనే కూచొని తిప్పేటోడు. మొదటి పిండితో చేసిన రొట్టె పక్కా చేపల వాసన కొట్టింది. అవ్వ ఒక్క ముక్క కొరికి, "ముప్పై ఏండ్లు తిరిగొచ్చింది, గా మాత్రం వాసన రాదా" అన్నది. ఇద్దరూ నవ్విండ్రు. నేను నవ్వలేకపోయిన గాని, రొట్టెలు మాత్రం ఆరు తిన్న.

బడులు తెరిచినయి. నేను మా ఊరికొచ్చి నోటుబుక్కు బాపు చేతిలో పెట్టిన. మొత్తం చదివి, "గివన్ని నీకు వచ్చినయా?" అన్నడు. వచ్చినయన్న. సంగతి మాత్రం చెప్పలేదు. పెద్దైనంక పోయి పటేలుకు చెప్తననుకున్న. పటేలు పోయిండు. తర్వాత తాత పోయిండు. ఆయన దినాలకు రేవు రేవంతా వచ్చింది. "చెయ్యి తిరిగిన మనిషి, ఆ ఒక్కనాటి పడవ తప్ప" అన్నరు. మంచి మనసుతోనే అన్నరు. నేను అక్కడే కూచొని విన్న. నా వయసప్పుడు ఇరవై దాటింది, నోరు నాకుండె.

తర్వాత నేను టీచర్నైన. ఏ పిల్లకైనా లెక్క తప్పితే ముందు వంద సార్లు చేయిస్త, తర్వాత తిడుత. తిట్టుడు శానసార్లు మరిచిపోత. పిల్లలకు ఎంత జాగ ఇడువాలెనో కూడా ఏ ట్రైనింగులోనూ నాకు చెప్పలేదు, తాత కాలి తోపు ఒకటి చెప్పింది. అందుకు నేను ఆ మూతపడ్డ బడికి, ఆ జ్వరానికి, ఆఖరికి బర్రెను చూపించిన మా సారుకు కూడా దండం పెట్టుకుంట.

రోడ్డు మీద విస్తర్లు వేసిండ్రు. షామియానా కింద పడ్డ పిలగాడు పప్పన్నం కలుపుకుంట నా పక్కనే కూచున్నడు. "ఎవరు నేర్పిండ్రో చెప్పనే లేదు మేడం" అన్నడు. ఆయన దోస్తులు కూడా చెవులు ఇటు తిప్పిండ్రు.

మొత్తం చెప్పిన. నేను ఏది చెప్పినా పదింతలు చేస్తనని మా ఇంట్లో అందరి ఫిర్యాదు. ఆ రోజు కూడా ఊరుకోలేదు. గోదారిని సముద్రం చేసిన, పడవను ఓడ చేసిన, పన్నెండు మంది పిల్లల్ని పన్నెండు వందలు చేసిన. ఒక్కచోట మాత్రం చెంచాడు ఉప్పు కూడా ఎక్కువ వేయలేదు. ఆ సాయంత్రం ఆ పడవను మా తాత కట్టలేదు. నేను కట్టిన.